సారం తగ్గిన నేలను మళ్లీ దారిలోకి తేవడం: విశాఖ చుట్టుపక్కల చిన్న రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి వైపు ఎకరం, ఎకరంన్నర చేసుకునే రైతులతో నేల గురించి మాట్లాడటమే నా పని. ఏ ఊరు వెళ్లినా అవే అనుమానాలు. ఫోన్‌లో చెబితే సగం గుర్తుంటుంది, మిగతా సగానికి మళ్లీ ఫోన్. అందుకే అన్నీ ఒకచోట రాశాను. వరసగా చదవక్కర్లేదు. మీ పొలం ఏ దశలో ఉందో ఆ ప్రశ్న చూసుకోండి చాలు. మన ఎర్ర గరువులు, వానాధారపు మెట్ట, చెరువు కింద ఒక్క పంట వరి, ఇవే దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. గోదావరి నల్లరేగడికి ఈ లెక్కలు సరిపోవు.

## మొదలుపెట్టే ముందు

మా నేల చచ్చిపోయిందంటున్నారు. ఇంక ఏం వేసినా పండదా?

చచ్చిపోయిన నేల చాలా అరుదు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది చిక్కిపోయిన నేల. పైమట్టి కొంత కొట్టుకుపోయి, ఆకు అలములు, గత్తం (పశువుల ఎరువు) మట్టిలోకి చేరడం ఆగిపోయి, గట్టిపడిపోయిన నేల. గుర్తుపట్టడం కష్టం కాదు. వాన వెలిశాక పైన పెంకు కడుతుంది. నీరు ఇంకకుండా ఎర్రగా పారిపోతుంది. యూరియా వేస్తే వారం పచ్చబడి మళ్లీ పాలిపోతుంది. నాలుగు రోజులు వాన మొహం చాటేస్తే మధ్యాహ్నానికే మొక్క తల వాల్చేస్తుంది. ఎర్ర నేలల్లో బంకమన్ను తక్కువ కాబట్టి నీటినీ పోషకాలనూ పట్టి ఉంచే పని చాలావరకు సేంద్రియ పదార్థమే, అంటే మట్టిలో కుళ్లి కలిసిన ఆకు, వేరు, గత్తమే చెయ్యాలి. అది తగ్గాక ఎంత ఎరువు వేసినా నిలవదు. అది పెరిగితే అదే నేల మళ్లీ పండుతుంది.

ల్యాబుకి వెళ్లకుండా ఇంటి దగ్గరే తెలుసుకునే దారి ఉందా?

ఉంది. రెండు గాజు గ్లాసులు, నీళ్లు చాలు. పొలం మధ్య నుంచి ఉసిరికాయంత మట్టిగడ్డ ఒకటి, గట్టు మీద దున్నకుండా వదిలేసిన చెట్టు కింద నుంచి అంతే గడ్డ ఇంకొకటి తీసుకోండి. రెండూ బాగా ఆరాక చెరో గ్లాసులో మెల్లగా వదలండి. చిక్కిన మట్టి నిమిషంలోపే బుడగలు వదులుతూ పొడిపొడిగా రాలిపోయి అడుక్కి చేరుతుంది, నీళ్లు ఎర్రబడతాయి. చెట్టు కింది గడ్డ చాలాసేపు గడ్డలాగే ఉంటుంది. వేర్లు, బూజు దారాలు, జీవులు వదిలే జిగురు కలిసి దాన్ని పట్టి ఉంచుతాయి. రెండూ ఒకే నేల, ఒకే వాన. తేడా అంతా దుక్కిలోను, రాలిన ఆకులోనే ఉంది. ఏటా వేసవిలో ఈ పరీక్ష చేసి ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి. నేల మారుతోందో లేదో ఎవర్నీ అడగక్కర్లేదు.

భూసార పరీక్షకి మట్టి ఎలా తియ్యాలి? గట్టు పక్కన తీసిచ్చేస్తే సరిపోదా?

సరిపోదు. గట్టు పక్క, చెట్టు నీడ, పెంటపోగు వేసిన చోటు, నీళ్లు నిలిచే మూల, ఈమధ్యే ఎరువు చల్లిన మడి, ఇవన్నీ వదిలెయ్యాలి. పొలంలో వంకరటింకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల పైచెత్త తీసి, 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గొయ్యి తవ్వి, ఒక పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా సమంగా మట్టి గీరండి. అంతా గుడ్డ మీద కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి మళ్లీ కలపండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే. నీడలో ఆరబెట్టి శుభ్రమైన సంచిలో పోసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. ఎరువు బస్తా దులిపి అందులో పోసి తెస్తే ఆ పరీక్ష బస్తాకి చేసినట్టే.

ఇంకో మాట. 2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో మెట్టలో 10 హెక్టార్లకు, నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా తీసే పద్ధతి పెట్టారు. కాబట్టి మీ పేరున వచ్చిన పాత కార్డులోని మట్టి మీ మడిలోది కాకపోవచ్చు. ఎవరు ఎక్కడ తీశారో కనుక్కుని అప్పుడు నమ్మండి.

కార్డులో సేంద్రియ కర్బనం 0.3 అని ఉంది. ఒక్క ఏడాదిలో 0.75 చెయ్యొచ్చా?

చెయ్యలేరు. చేసిపెడతాం అని ఏదైనా డబ్బా అమ్మవస్తే పంపించెయ్యండి. 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం, అంటే అంత కర్బనం ఉండే ఒకటిన్నర టన్నుల సేంద్రియ పదార్థం, కుళ్లిపోగా మట్టిలో మిగలాలి. మన ఎండలకి వేసినదాంట్లో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. ఆ మిగిలేది ఒకటిన్నర టన్నులు కావాలంటే వేసేది దానికి చాలా రెట్లు ఉండాలి. అంత గత్తం కొని తోలే స్తోమత ఎకరం రైతుకి ఎక్కడిది? అందుకే నేను ప్రతి ఊళ్లోనూ ఒకటే చెబుతాను: ఎరువుని పొలంలోనే పండించాలి. కొనేది విత్తనం వరకే.

## ఉన్న మట్టి పోకుండా

వానకి మట్టి కొట్టుకుపోతోంది. మెషిన్ పెట్టి గట్లు వేయించడానికి డబ్బుల్లేవు. ఏం చెయ్యాలి?

ఎరువుల కన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే ఐదారు టన్నులు పోయినట్టు. సారమంతా ఉండేది ఆ పైపొరలోనే. ఎర్ర మట్టిని వాన ఎంత లోతుకి కోయగలదో చూడాలంటే భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఒకసారి ఆగండి.

చేత్తో చేసుకునే పద్ధతి ఉంది. ఆరడుగుల కర్రలు రెండు ఇంగ్లీషు 'A' అక్షరంలా పైన కట్టి, మధ్యలో అడ్డ కర్ర బిగించండి. పైనుంచి తాడుకి రాయి వేలాడదీయండి. రెండు కాళ్లూ సమమట్టంలో ఉన్నప్పుడు తాడు అడ్డ కర్ర మీద ఎక్కడ ఆనుతుందో గుర్తు పెట్టుకోండి. దీన్ని పొలంలో అడ్డంగా నడిపిస్తూ, తాడు గుర్తు మీద నిలిచిన చోటల్లా పుల్ల గుచ్చుకుంటూ పోతే వాలుకి అడ్డంగా సమమట్టపు గీత దొరుకుతుంది. ఆ గీత వెంబడి ఒక నాగటి చాలు తీసి, జానెడు దూరానికి ఒకటి చొప్పున వట్టివేరు పిలకలు నాటండి. రెండేళ్లలో కట్టుదిట్టమైన కంచె అవుతుంది. నీరు దాటిపోతుంది, మట్టి ఆగుతుంది. దున్నడం, విత్తడం కూడా ఆ గీత వెంటే చెయ్యాలి. వాలు వెంబడి పైనుంచి కిందికి దున్నితే ప్రతి చాలూ ఒక కాలవే.

కందకాలు, గట్లు, ఫారంపాండ్ (పొలంలో తవ్వే నీటి కుంట) లాంటివి ఉపాధి హామీ పనుల్లో పెట్టించుకోవచ్చు. గ్రామసభలో ముందే అడగాలి.

లేఅవుట్ వాళ్లు పైమట్టికి ట్రాక్టరుకింత ఇస్తామంటున్నారు. మళ్లీ గత్తం తోలుకుంటే సరిపోతుంది కదా?

వద్దు. ఆ డబ్బు ఒక సీజన్‌లో అయిపోతుంది. కింద మిగిలే గ్రావెల్ మీద మీ పిల్లల కాలానికి కూడా పంట నిలవదు.

చెరువు మట్టి తోలిస్తే మంచిదేనా?

గరప నేలకి చాలా మంచిది. గత్తం ఏడాదిలో కరిగిపోతుంది కానీ చెరువు మట్టిలోని బంకమన్ను పొలంలోనే ఉండిపోయి ఏళ్ల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది. అయితే మూడు జాగ్రత్తలు. నల్లగా, వేలితో నలిపితే జిగటగా ఉన్న పూడికే తోలించండి, అడుగున ఉన్న సుద్ద, ఇసుక పనికిరావు. నగరం మురుగు గానీ ఫ్యాక్టరీ నీళ్లు గానీ దిగే చెరువైతే పరీక్ష చేయించకుండా ముట్టుకోవద్దు. మార్చి, ఏప్రిల్‌లో తోలి కుప్పలు వదిలేస్తే ఎండకి పగిలి మెత్తబడుతుంది, తొలకరికి చదును చెయ్యడం సులువు. కిరాయి భారమైతే ఏడాదికి పాతిక సెంట్లు చొప్పున వేసుకోండి.

## వేసవి, తొలకరి

పచ్చిరొట్టకి, అంటే పచ్చిగా ఉండగానే మట్టిలో కలియదున్నే ఎరువు పైరుకి, జీలుగ వెయ్యాలా, జనుము వెయ్యాలా?

నీళ్లు నిలిచే పల్లం, చౌడు తగిలిన మడి అయితే జీలుగ. నీళ్లు నిలవని గరువు, మెట్ట అయితే జనుము. జనుము నీటి ముంపుకి తట్టుకోదు. ఎకరానికి జీలుగ 10 నుంచి 12 కిలోలు, జనుము 12 నుంచి 15 కిలోల విత్తనం పడుతుంది. వరి కోతల ముందు తడి ఉంటే పిల్లిపెసర చల్లుకోవచ్చు, అది పశువులకి మేత కూడా. రాయితీ విత్తనం రైతు సేవా కేంద్రానికి వచ్చిన రోజే తెచ్చుకోవాలి. తర్వాత అడిగితే అయిపోయిందంటారు, అది మనందరికీ అలవాటైన మాటే.

పచ్చిరొట్ట ఎన్ని రోజులకి కలియదున్నాలి? బాగా పెరిగాక దున్నితే ఎరువు ఎక్కువ కాదా?

విత్తిన 45 నుంచి 50 రోజులకి, పూత మొదలయ్యేటప్పుడు. ఇంకా ఉంచితే కాడ నారెక్కిపోతుంది, కుళ్లడానికి నెలలు పడుతుంది. ఆ కుళ్లే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని కూడా లాక్కోవడంతో నాట్లు వేసిన వరి పసుపు పచ్చబడుతుంది.

దున్నే ముందు నాలుగు మొక్కలు వేళ్లు తెగకుండా పీకి చూడండి. వేళ్లకి చిన్న బుడిపెలు ఉంటాయి. గోటితో ఒకటి చీరితే లోపల గులాబి రంగు, లేత ఎరుపు కనిపిస్తే అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తున్నట్టు. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే పని చెయ్యట్లేదు. బుడిపెలే లేకపోతే వచ్చే ఏడు విత్తనానికి రైజోబియం (ఈ బుడిపెలు కట్టించే బాక్టీరియా) పట్టించి, దుక్కిలో కొంచెం సూపర్ ఫాస్ఫేట్ వెయ్యండి. భాస్వరం లేని నేలలో బుడిపెలు సరిగా కట్టవు.

బాగా ఎదిగిన జీలుగ ఎకరానికి 8 టన్నుల పచ్చిరొట్ట ఇస్తుంది. చిక్కిన నేలలో మొదటి ఏడు అందులో సగం కూడా రాదు. మోకాలెత్తు కూడా లేదని నిరాశపడి మానేసేవాళ్లే ఎక్కువ. రెండో ఏడు తేడా చూడండి.

వేసవిలో నవధాన్యాలు చల్లమంటున్నారు. ఊళ్లో పశువులన్నీ వదిలేస్తారు, మొలిచిందంతా మేసెయ్యవా?

మేసేస్తాయి. ఈ సమస్యని తేలిగ్గా తీసి పారేసే సలహాలు నాకు నచ్చవు. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో భాగంగా చెప్పే పద్ధతి ఇది: వానలకి ముందే అపరాలు, చిరుధాన్యాలు, నూనెగింజలు, ఆకుకూరలు కలిపి పొడి దుక్కిలో విత్తడం. నేల ఖాళీగా ఎండకి మాడకుండా, ఏడాదంతా ఏదో ఒక వేరు మట్టిలో ఉండాలన్నది ఇందులోని కిటుకు. ఆలోచన మంచిదే. కానీ ఊరి పశువుల మధ్య ఒక్కడు వేస్తే నిలవదు. పక్కపక్కన ఉన్న ఐదారుగురు కలిసి ఒకే వారంలో విత్తి, కాపలాకి వంతులు వేసుకోవాలి. అది కుదరకపోతే కళ్లం పక్కనో ఇంటి వెనకో ఉన్న పది సెంట్లతో మొదలుపెట్టండి.

ఒక్క ఆవే ఉంది. గత్తం ఎక్కడినుంచి తేవాలి?

ఒక్క ఆవు రోజుకి పది కిలోల దాకా పేడ వేస్తుంది. ఏడాదికి మూడున్నర టన్నులు. అందులో పొలానికి చేరేది ఎంతో చూస్తే బాధేస్తుంది. కొంత పిడకలకి పోతుంది. మిగతాది కుప్పపోసి ఎండకి ఎండి వానకి కారిపోతుంది. మూత్రమైతే ఎవరూ పట్టించుకోరు. పశువు వదిలే నత్రజనిలో దాదాపు సగం అందులోనే ఉంటుంది.

నీడలో మూడడుగుల లోతు గొయ్యి తవ్వండి. పశువు కింద రోజూ ఎండుటాకు, ఊక, చిత్తుగడ్డి పరిచి, తడిసినదాన్ని మర్నాడు పేడతో కలిపి గోతిలో వెయ్యండి. నిండాక మట్టితో మెత్తండి. నాలుగైదు నెలలకి వాసన లేని, నల్లటి గత్తం వస్తుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు. ఎండాకాలం గొర్రెలవాళ్లు వస్తే పొలంలో మంద పెట్టించుకోండి, ఆ పేడా మూత్రమూ రవాణా లేకుండా నేరుగా మడిలోనే పడతాయి.

## పంట మీద ఉన్నప్పుడు

యూరియా ఒక్కసారిగా మానెయ్యాలా?

వద్దు. కర్బనం 0.3 ఉన్న నేలలో ఒక్కసారిగా మానేస్తే ఆ ఏడు దిగుబడి పడిపోతుంది, ఆ దెబ్బ అప్పు చేసి సాగు చేసే ఇల్లు తట్టుకోలేదు. లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. అంత నత్రజని గత్తంతో ఇవ్వాలంటే నాలుగు టన్నులు కావాలి, అది కూడా ఆ పంటకే మొత్తం అందదు. కాబట్టి ముందు నేలకి వేరే దారిలో నత్రజని చేరేట్టు చూసి, ఆ తర్వాత తగ్గించాలి. జీలుగ నడుమెత్తు పెరిగి కలియదున్నిన మడిలో మొదటి దఫా యూరియా సగానికి తగ్గించి చూడండి. ఒక మూల నాలుగు సెంట్లలో మాత్రం ఎప్పటిలాగే వెయ్యండి. రెండూ ఒకే పచ్చగా ఉంటే వచ్చే ఏడు ఇంకొంచెం తగ్గించొచ్చు. వేసేది కూడా ఒకేసారి కాకుండా మూడు దఫాలుగా, మడిలో నీళ్లు తీసి బురద పదునులో వెయ్యాలి. జోరు వాన ముందు చల్లిన యూరియా మీ పొలానిది కాదు, కాలవది.

జీవామృతం పోస్తే ఇంకేమీ అక్కర్లేదంటున్నారు. నిజమా?

200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. ఇందులో పోషకాలు ఎంతుంటాయో మీరే ఊహించండి. ఇది ఎరువు కాదు, నేలలో జీవుల్ని పెంచే తోడు. అది నేను ఒప్పుకుంటాను. కానీ ఆ జీవులు తినడానికి మట్టిలో ఆకు, వేరు, గత్తం ఉండాలి కదా. పైన ఆచ్ఛాదన (ఆకు, గడ్డి కప్పు), లోపల పచ్చిరొట్ట ఉన్న పొలంలో దీనికి అర్థం ఉంది. బోడి నేల మీద పోసి అద్భుతం కోసం ఎదురుచూడొద్దు.

నాట్లు వేసిన మూడు వారాలకి వరి ఆకులకి తుప్పు రంగు మచ్చలు. యూరియా వేసినా పచ్చబడట్లేదు?

జింకు లోపం అయ్యుండొచ్చు. కింది ఆకుల మీద తుప్పు మచ్చలు, ఆకు మొదట్లో ఈనె పాలిపోవడం, మొక్క గిడసబారడం దాని గుర్తులు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చెయ్యండి. వచ్చే పంటకి ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోలు వెయ్యాలి. డీఏపీ లాంటి భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వెయ్యొద్దు.

సముద్రం పక్క ఊరు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. జిప్సం వేస్తే పోతుందా?

ఉప్పుకి జిప్సం మందు కాదు. ఉదజని సూచిక (కార్డులో pH) 8.5 దాటి, సోడియం పట్టి, తడిస్తే జారుడు, ఎండితే రాయిలా ఉండే చౌడుకే జిప్సం. నీళ్లలో కరిగే ఉప్పు పోవాలంటే వాన నీటిని మడిలో నిలగట్టి కిందికి దించాలి, అది బయటికి పోవడానికి మురుగు కాలవ ఉండాలి. ఆ తర్వాత జీలుగ. జూన్ నుంచి అక్టోబరు దాకా పడే వానే మీ మందు, దాన్ని గట్లు కట్టి ఆపుకోండి. వేసవిలో ఆ బోరు నీళ్లతో కూరగాయలు పెట్టడం తగ్గించండి.

## రెండో ఏడు నుంచి

ఆఫ్రికాలో ఒక శాస్త్రవేత్త ఎరువులు కొనలేని రైతుల పొలాలు చెట్లతో బాగుచేశాడని విన్నాం. మన దగ్గర పనికొస్తుందా?

ఆయన పెడ్రో సాంచెజ్. క్యూబాలో పుట్టారు. 1991 నుంచి 2001 దాకా నైరోబీలోని ప్రపంచ వ్యవసాయ అటవీ కేంద్రానికి సారథి. 2002లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. అక్కడి మొక్కజొన్న రైతులకి ఎరువు కొనే డబ్బు లేదు, ఏళ్ల తరబడి తియ్యడమే తప్ప వెయ్యడం లేక నేల ఒట్టిపోయింది. ఆయన బృందం చెప్పిన దారిలో మూడు ముక్కలున్నాయి. మొక్కజొన్న మధ్యలోనే సెస్బేనియా, టెఫ్రోసియా, గ్లిరిసిడియా, కంది లాంటివి విత్తి, పంట కోశాక కూడా వాటిని పెరగనివ్వడం. ఆరు నెలల నుంచి రెండేళ్లలో హెక్టారుకి 100 నుంచి 200 కిలోల నత్రజని అలా చేరుతుంది. భాస్వరాన్ని ఏ చెట్టూ గాలిలోంచి తేలేదు కాబట్టి టాంజానియాలోని మిన్‌జింగు గనుల రాతి భాస్వరం వెయ్యడం. కంచెల్లో పెరిగే టిథోనియా ఆకుని కోసి పొలానికి తేవడం.

పేర్లు కొత్తగా ఉన్నాయి గానీ మొక్కలు మన చుట్టాలే. జీలుగ, అవిసె చెట్టు రెండూ సెస్బేనియాలే. గట్ల మీద దానంతటదే మొలిచే వెంపలి ఒక టెఫ్రోసియా. కంది మనకి తెలిసిందే. అక్కడిలా పొలాన్ని ఏడాది పాటు చెట్లకి వదిలెయ్యడం ఎకరం రైతుకి కుదరదు, దాన్ని ఉన్నదున్నట్టు దించుకోమని నేను చెప్పను. గట్ల మీద మాత్రం కుదురుతుంది. తొలకరిలో గ్లిరిసిడియా కొమ్మలు గజం పొడవు కోసి గట్టంతా గుచ్చండి. రెండో ఏటి నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు లేత కొమ్మలు నరికి మడిలో తొక్కించొచ్చు. మెట్టలో చోడి, వేరుశనగల మధ్య కంది సాళ్లు వేసి, కంది రాల్చే ఆకు ఊడ్చకుండా వదిలెయ్యండి. సాంచెజ్ పనిలో మనవాళ్లు పట్టించుకోనిది ఆ భాస్వరం సంగతి. పచ్చిరొట్ట ఎంత వేసినా కార్డులో భాస్వరం తక్కువని ఉంటే అది విడిగా వెయ్యాల్సిందే.

సరుగుడు, నీలగిరి తీసేసిన పొలంలో ఏం వెయ్యాలి?

సరుగుడు నేలని పాడుచెయ్యదు, దాని వేళ్లలోనూ నత్రజని పట్టే బుడిపెలుంటాయి. పాడుచేసేది రాలిన ఆకుని ఏటా ఊడ్చి పొయ్యిలో పెట్టడం. నీలగిరి నీటిని బాగా లాగేస్తుంది. మొదటి వానలకి జనుము, రెండో పంటగా ఉలవలు. కూరగాయలకి ఒక ఏడు ఆగండి.

కౌలు పొలం. నేను బాగుచేస్తే వచ్చే ఏడు యజమాని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. నాకెందుకు?

ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఎందుకంటే ఇది మట్టి సమస్య కాదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం 11 నెలలకే. నేల కోలుకోవడానికి మూడు నాలుగేళ్లు కావాలి. ఈ పరిస్థితిలో చెరువు మట్టికి, గట్ల మీద చెట్లకి మీ డబ్బు పెట్టమని నేను అడగలేను. పెట్టిన ఏడే తిరిగొచ్చేవి చెయ్యండి: నాట్లకి ముందు జీలుగ, వరి కోతల ముందు పెసర గానీ మినుము గానీ చల్లడం, విత్తనశుద్ధి. యజమానితో మూడేళ్ల మాట కుదిరితే, చెరువు మట్టి కిరాయి ఆయన, కూలి మీరు అని అడిగి చూడండి. కొందరు ఒప్పుకుంటున్నారు, పొలం ధర ఆయనకీ ముఖ్యమే కదా.

మొత్తం ఎకరం మార్చేస్తే పంట పోతుందేమోనని టెన్షన్. ఎంతతో మొదలుపెట్టాలి?

ఇరవై సెంట్లు. పొలంలో మధ్యరకంగా ఉన్న ముక్క తీసుకోండి. మరీ చెడ్డ ముక్కతో మొదలుపెడితే మనసు విరుగుతుంది, మంచి ముక్కలో తేడా కనపడదు. నీరు ఇంకడం, పెంకు తగ్గడం మొదటి రెండేళ్లలోనే తెలుస్తుంది. కార్డులో కర్బనం అంకె కదలడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

మొక్క ఫొటో వాట్సాప్‌లో పెడితే చెబుతారా?

చెబుతాను, కానీ ఒక్క ఆకు ఫొటో చాలదు. నాలుగు కావాలి: పొలం మొత్తం, తెగులున్న మొక్క, అదే మొక్క వేళ్లతో సహా పీకి కడిగినది, ఈ పంటకి వేసిన ఎరువుల బస్తాల మీద రాత. ఎప్పుడు ఎంత వేశారో కింద రాయండి లేదా వాయిస్ పెట్టండి. రాత్రి ఫ్లాష్ వేసి తీస్తే పసుపేదో పచ్చేదో తెలియదు. పొద్దున్న ఎండ ముదరకముందే తియ్యండి.